గింజలోకి దారి

మా కాలేజీలో బీఎస్సీ పిల్లలకు ఈస్ట్ ప్రాక్టికల్ ఉన్న రోజున నేను కొట్లో దొరికే పొడి ఈస్ట్ వాడను. తాటిచెట్లు గీసే కాలమైతే కల్లే తెప్పిస్తాను. ఒక చుక్క కల్లు, పది చుక్కల నీళ్లు, కాస్త మిథిలీన్ బ్లూ. స్లైడు మీద వేసి నలభై రెట్ల లెన్సు కింద పెడితే కోడిగుడ్డు ఆకారంలో కణాలు బారులు తీరి కనిపిస్తాయి. కొన్నిటి పక్కన చిన్న మొగ్గ ఉంటుంది, అది పుట్టబోయే పిల్ల కణం. బతికున్న కణం రంగు పట్టదు. చచ్చినది నీలంగా మారిపోతుంది. కల్లులో చక్కెరను ఆల్కహాలుగా మార్చేవాటిలో ముఖ్యమైనదీ, బేకరీలో బన్ను పొంగించేదీ ఈ జాతే. శాస్త్రంలో దాని పేరు శాకరోమైసిస్ సెరివిసియే.

మొన్న ఆ కల్లు తెచ్చింది కోనసీమ నుంచి వచ్చి చదువుకుంటున్న ఒక అమ్మాయి. వాళ్ల నాన్న గీత కార్మికుడు. మైక్రోస్కోపులో చూసి, "మేడమ్, మధ్యలో గుండ్రంగా తేటగా కనిపిస్తోంది, కేంద్రకం అదేనా?" అంది. ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు అడిగేదే. కాదు, అది రిక్తిక, నీళ్లూ లవణాలూ దాచుకునే సంచి. కేంద్రకం దాని పక్కనే ఉంటుంది గానీ ప్రత్యేకమైన రంగు వేస్తే తప్ప కంటికి ఆనదు. అదే చెప్పాను. ఆ అమ్మాయి తల ఊపి, కాసేపు ఆగి మళ్లీ అడిగింది.

"ప్రోటీన్లు తయారయ్యేది కేంద్రకం బయట కదా మేడమ్. డీఎన్‌ఏ ఉండేది లోపల. మరి డీఎన్‌ఏ మీద పనిచేసే ప్రోటీన్లు లోపలికెలా వెళ్తాయి? కణం రెండుగా చీలేటప్పుడు కేంద్రకం పొర కరిగిపోతుందని చదువుకున్నాం. అప్పుడు దూరిపోతాయా?"

ఆరేళ్లు ఇల్లూ ఊరూ వదిలి, పీహెచ్‌డీ పేరుతో నేను వెతికింది ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నకు జవాబే. ఆ ఊహలో తప్పేమీ లేదు. మన శరీర కణాల్లో, చాలా జంతువుల కణాల్లో విభజన సమయంలో కేంద్రకం పొర నిజంగానే విడిపోతుంది, మళ్లీ కట్టుకుంటుంది. కానీ తను ఆ క్షణాన కళ్లప్పగించి చూస్తున్న ఈస్ట్‌లో అలా జరగదు. తిండి బాగా దొరికితే గంటన్నరకొకసారి రెండయ్యే ఈ కణం, తన కేంద్రకం గోడను ఒక్కసారి కూడా విప్పదు. గోడ గోడగానే ఉండి సాగుతుంది, నడుము దగ్గర సన్నబడుతుంది, తెగి రెండవుతుంది. కాబట్టి ఈస్ట్ కేంద్రకంలోకి ఏ ప్రోటీన్ వెళ్లాలన్నా గోడకున్న గుమ్మంలోంచే వెళ్లాలి. ఆ గుమ్మాల సంగతి తెలుసుకోవాలనుకున్న వాళ్లలో చాలామంది ఈస్ట్ దగ్గరికి రావడానికి ఇదొక కారణం.

కొలతలు చెబితే గానీ ఇది కళ్లకు కట్టదు. ఈస్ట్ కణం అడ్డుకొలత సుమారు అయిదు మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో రెండువందలవ వంతు. దాన్ని పది లక్షల రెట్లు పెంచామనుకోండి. కణం అయిదు మీటర్ల గది అవుతుంది. అందులో కేంద్రకం రెండు మీటర్ల గాదె. ఆ గాదె గోడకు దాదాపు 150 నుంచి 200 దాకా కన్నాలుంటాయి. ఒక్కో కన్నం చట్రం పది సెంటీమీటర్ల చిన్న పళ్లెమంత, నడిమి దారి నిమ్మకాయ పట్టేంత. మామూలు ప్రోటీన్ ఒకటి పెసరగింజంత. ప్రోటీన్లను తయారుచేసే రైబోజోమ్ ఉసిరికాయంత. ఆ గాదెలో, 16 క్రోమోజోముల మీద దాదాపు 6,000 జన్యువులున్నాయి. 1996లో వాటిని మొదటి నుంచి చివరిదాకా చదివేశారు. కేంద్రకం ఉన్న జీవుల్లో మొత్తం డీఎన్‌ఏ చదవడం పూర్తయింది ముందుగా ఈస్ట్‌కే.

కన్నం అన్నాను గానీ అది పురుగు తొలిచిన కన్నంలాంటిది కాదు. పైనుంచి చూస్తే ఎనిమిది రేకుల ముగ్గులా ఉంటుంది. న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో మైకేల్ రౌట్ బృందం ఈస్ట్ కేంద్రకాల నుంచి ఈ చట్రాలను విడదీసి, ఇందులో ఏయే ప్రోటీన్లున్నాయో 2000 సంవత్సరంలో జాబితా రాసింది. సుమారు ముప్ఫై రకాలు తేలాయి. ఏది ఎక్కడ అమరిందో చూపించే వివరమైన పటం 2018లో వచ్చింది. ఒక్క గుమ్మానికి 552 ప్రోటీన్ ముక్కలు. కంటికి కనపడని కణంలో, అంతకన్నా కనపడని ఒక గుమ్మానికి ఇంత వడ్రంగం!

ఇంత వడ్రంగం ఎందుకంటే రద్దీ అంతుంది కాబట్టి. జొనాథన్ వార్నర్ అనే శాస్త్రవేత్త 1999లో వేసిన లెక్క ఒకటుంది. పిల్లలతో నల్లబల్ల మీద చేయిస్తుంటాను. జోరుగా పెరుగుతున్న ఈస్ట్ కణం నిమిషానికి 2,000 రైబోజోములు కడుతుంది. ఒక్కో రైబోజోమ్‌లో 79 ప్రోటీన్లు. అవి బయట తయారై, దాదాపు అన్నీ కేంద్రకంలోకి వెళ్లి, అక్కడ ఆర్‌ఎన్‌ఏతో కలిసి రెండు ముక్కలుగా అమరి, మళ్లీ బయటికి రావాలి. రెండు వేలను 79తో గుణిస్తే 1,58,000. గుమ్మాలు 150 అనుకుంటే ఒక్కో గుమ్మంలోంచి నిమిషానికి వెయ్యికి పైగా, సెకనుకు పదిహేడు లోపలికి. అదే గుమ్మంలోంచి అదే సమయంలో రెండు సెకన్లకొకటి చొప్పున రైబోజోమ్ ముక్కలు బయటికి. ఇది ఒక్క రైబోజోముల పద్దు మాత్రమే. మిగతా సరుకు లెక్క వేరే.

మరి ఏది లోపలికి, ఏది బయటే అన్నది ఎవరు చెబుతారు? ఆ ప్రోటీనే చెబుతుంది. దాని ఒంటి మీదే చిరునామా రాసి ఉంటుంది. ఈ సంగతి తేటతెల్లమైన ఏడాది 1984. శాన్‌ఫ్రాన్సిస్కోలో మైకేల్ హాల్, తోటివాళ్లతో కలిసి ఒక బ్యాక్టీరియా ప్రోటీన్ తీసుకున్నాడు. బ్యాక్టీరియాకు కేంద్రకమే లేదు కాబట్టి దాని ప్రోటీన్‌కు కేంద్రకం చిరునామా ఉండే అవకాశమే లేదు. పైగా అది గుమ్మంలో ఊరికే జారిపోలేనంత పెద్దది. దానికి, ఈస్ట్ కేంద్రకంలో ఉండే ఒక ప్రోటీన్ మొదటి భాగాన్ని అతికించి ఈస్ట్‌లో తయారు చేయించాడు. ఆ పరాయి ప్రోటీన్ నేరుగా కేంద్రకంలోకి వెళ్లి కూర్చుంది. అదే ఏడాది పమేలా సిల్వర్, మార్క్ టాష్నే మరో ఈస్ట్ ప్రోటీన్‌తో ఇలాంటి ఫలితమే చూపించారు. లండన్‌లో ఇంకో బృందం, కోతులకు సోకే ఎస్‌వీ40 వైరస్ ప్రోటీన్‌లో ఈ చిరునామా ఎంత పొడవో కొలిచింది. ఏడంటే ఏడు అక్షరాలు, అంటే అమైనో ఆమ్లాలు: ప్రోలీన్, లైసీన్, లైసీన్, లైసీన్, ఆర్జినీన్, లైసీన్, వాలీన్. ఏడింటిలో అయిదు ధనావేశం ఉన్నవే. నడుమనున్న ఒక్క లైసీన్ మారిస్తే చాలు, ఆ ప్రోటీన్ గుమ్మం బయటే నిలబడిపోయింది.

చిరునామాలు కణంలో ఇంకా చాలా చోట్లకు ఉన్నాయి. కణం నుంచి బయటికి పోయే ప్రోటీన్ల చిరునామాలను కనిపెట్టినందుకు గ్యుంటర్ బ్లోబెల్‌కు 1999లో నోబెల్ వచ్చింది. రౌట్ పనిచేసింది ఆయన దగ్గరే. అయితే ఒక తేడా చెప్పాలి. బయటికి పోయే ప్రోటీన్ చిరునామాను దారిలోనే కత్తిరించి పారేస్తారు, ఇక ఆ ప్రోటీన్ వెనక్కి రానక్కర్లేదు కాబట్టి. కేంద్రకం చిరునామాను మాత్రం కత్తిరించరు. ఈ ప్రోటీన్లలో చాలావాటికి రాకపోకలుంటాయి. ఒకసారి వెళ్లినది మళ్లీ వెళ్లాల్సి రావచ్చు.

ఇక గుమ్మం దగ్గరికి వద్దాం. దానికి తలుపు రెక్కలు లేవు. గుమ్మం లోపలి వైపు నుంచి పొడవాటి ప్రోటీన్ పోగులు దారిలోకి వేలాడుతుంటాయి. మన ఇళ్లల్లో ద్వారానికి కట్టే పూసల తెర గుర్తు తెచ్చుకోండి. ఈ పోగుల్లో ఫినైల్అలనీన్, గ్లైసీన్ అనే రెండు అక్షరాల జంట మళ్లీ మళ్లీ వస్తుంది. చిన్న ప్రోటీన్లు, సుమారు 40 కిలోడాల్టన్ల (ప్రోటీన్ల బరువుకు వాడే కొలత) లోపువి, ఈ తెర సందుల్లోంచి తమంతట తామే జారిపోతాయి. పెద్దవాటిని తెర ఆపేస్తుంది. పోగులను తాకి పలకరించగలిగే తోడు ఉంటేనే పెద్దవి దాటగలవు. ఈ తెర చిక్కటి జిగురులా ఉంటుందా, గాలికి ఊగే పోగుల్లా ఉంటుందా అన్న వాదన శాస్త్రవేత్తల మధ్య ఏళ్ల తరబడి నడుస్తోంది. నాకు మాత్రం 2004లో సుసాన్ వెంటే బృందం చేసిన పని అబ్బురంగా ఉంటుంది. ఈస్ట్‌లో ఈ పోగులను ఒక్కొక్కటిగా కత్తిరించుకుంటూ పోయారు. సగానికి పైగా తీసేసినా కణం బతికింది. తెరలో అంత మిగులు పెట్టుకుని ఉంది ప్రకృతి.

నేను రోజుల తరబడి చేసిన ప్రయోగం గురించి ఇక్కడ చెప్పాలి. ఇది నా సొంత పద్ధతి కాదు. అమెరికాలో డేవిడ్ గోల్డ్‌ఫార్బ్ బృందం 1996లో ప్రచురించినది. జెల్లీఫిష్ నుంచి తీసిన పచ్చగా వెలిగే ప్రోటీన్ ఒకటుంది, జీఎఫ్‌పీ. 2008 రసాయనశాస్త్రం నోబెల్ దానికే. ఆ జీఎఫ్‌పీకి కేంద్రకం చిరునామా అతికించిన ఈస్ట్‌ను చీకటిగదిలో, నీలి వెలుతురు పడే మైక్రోస్కోపు కింద చూస్తే ప్రతి కణంలో ఒక పచ్చటి చుక్క. కల్లు తెచ్చిన అమ్మాయి వెతికిన కేంద్రకం అదన్నమాట. నల్లటి ఆకాశంలో నక్షత్రాలు పోసినట్టుంటుంది.

ఇప్పుడు ఆ కణాలకు సోడియం అజైడ్, డీఆక్సీగ్లూకోజ్ అనే రెండు మందులు కలిపి ముప్పావుగంట ఉంచుతాం. కణంలో శక్తి తయారీ ఆగిపోతుంది. అజైడ్ మనుషులకూ ప్రాణాంతకమే, తరగతి గదిలో చేసే పని కాదు. ముప్పావుగంట తర్వాత చూస్తే చుక్కలు ఉండవు. పచ్చదనం కణమంతా పలచగా పరుచుకుపోయి ఉంటుంది. జీఎఫ్‌పీ చిన్నది కాబట్టి తెర సందుల్లోంచి ఎప్పుడూ కొంచెం కొంచెం కారుతూనే ఉంటుంది. మామూలుగా కారినదాన్ని కారినట్టే కణం లోపలికి తోడుకుంటుంది. శక్తి లేనప్పుడు తోడటం ఆగి, కారడం మాత్రం మిగిలింది. చిల్లికుండలో నీళ్లు నిండుగా కనిపిస్తున్నాయంటే ఎవరో విడవకుండా పోస్తున్నారని అర్థం.

అప్పుడు ఆ మందు కడిగేయాలి. కణాలను గిర్రున తిప్పి అడుగుకు దించి, ఐసు నీళ్లతో కడిగి, గోరువెచ్చటి గ్లూకోజ్ ద్రావణంలో వేస్తాం. ఆ క్షణాన స్టాప్‌వాచ్ నొక్కి రెండు నిమిషాలకొక చుక్క స్లైడు మీద పెట్టి లెక్కపెట్టాలి. చుక్క కనపడిన కణానికి ఒక గీత, కనపడనిదానికి ఇంకో వైపు గీత. ప్రతిసారీ కనీసం యాభై కణాలు. మొదట కణమంతా మసక పచ్చ. కాసేపటికి అక్కడో కణంలో, ఇక్కడో కణంలో మధ్యన కాస్త చిక్కబడుతుంది. పావుగంట దాటేసరికి నక్షత్రాలన్నీ తిరిగి వచ్చేస్తాయి. వేళ్లు ఐసుకు కొంకర్లు పోతుంటే, ఒంటికంటితో ఆ చుక్కలు ఒక్కొక్కటీ వెలగడం చూసినప్పుడల్లా నాకు దీపాల వేళ మా వీధి గుర్తొచ్చేది. నా నోటు పుస్తకాల్లో ఆ గీతల పేజీలే ఎక్కువ.

లోపలికి తోడటానికి శక్తి కావాలని ఆ గీతలు చెబుతున్నాయి. అయితే ఆ శక్తి ఖర్చయ్యేది ఎక్కడ? గుమ్మంలో ఎవరో తోస్తారు కాబోలు, లాగుతారు కాబోలు అనుకుంటాం. నేనూ అలాగే అనుకుని ల్యాబులో చేరాను. అసలు విషయం అది కాదు. నా లెక్కన ఈ కథ మొత్తంలో అందమైనది ఇదే.

నర్సాపురం దగ్గర గోదావరి దాటాలంటే పంటు ఎక్కి సఖినేటిపల్లి రేవులో దిగేవాళ్లం. కణంలో ఆ పంటు పేరు కాప్95. కార్యోఫెరిన్ అనే మాటకు అది పొట్టి పేరు. గ్రీకులో కార్యోన్ అంటే గింజ, ఫెరీన్ అంటే మోయడం. గింజలోకి మోసుకెళ్లేది. 95 అన్నది దాని బరువు కిలోడాల్టన్లలో. ఏడక్షరాల చిరునామాను చదివేది కాప్60 అనే ఇంకో ప్రోటీన్. అది సరుకును పట్టుకుంటే, ఇద్దరినీ కలిపి కాప్95 ఎక్కించుకుని తెరను దాటిస్తుంది. తెర దాటేటప్పుడు ఇంధనం ఖర్చు కాదు. పోగులను తాకుతూ, వదులుతూ అటూ ఇటూ ఊగిసలాడుతూ దాటడమే. అసలైతే వెనక్కి కూడా అంతే సులువుగా వచ్చేయగలదు. మరి సరుకు అవతలి ఒడ్డునే ఎందుకు దిగుతుంది?

ఎందుకంటే అవతలి ఒడ్డున జీఎస్‌పీ1 అనే చిన్న ప్రోటీన్ కాచుకుని ఉంటుంది. మన కణాల్లో దాని పేరు రాన్. దాని చేతిలో జీటీపీ అనే శక్తి గుళిక ఉంటే ఒక రూపం, గుళిక వాడేసి జీడీపీ మిగిలితే ఇంకో రూపం. జీటీపీ ఉన్న జీఎస్‌పీ1 వచ్చి కాప్95ను గట్టిగా పట్టుకోగానే దాని ఆకారం మారి, సరుకు పట్టు తప్పి లోపల దిగిపోతుంది. ఖాళీ పంటు జీఎస్‌పీ1ను ఎక్కించుకుని బయటికొస్తుంది. ఇవతలి ఒడ్డున ఆర్‌ఎన్‌ఏ1 అని పేరున్న ప్రోటీన్ ఒకటుంది. అది జీఎస్‌పీ1 చేత గుళిక ఖర్చు పెట్టిస్తుంది. పట్టు సడలి పంటు మళ్లీ ఖాళీ. ఇంకో సరుకు ఎక్కడానికి సిద్ధం. కాప్60ని వెనక్కి తేవడానికి వేరే పడవ, దాని పేరు సీఎస్‌ఈ1. గుళిక అయిపోయిన జీఎస్‌పీ1ను తిరిగి లోపలికి చేర్చేది ఎన్‌టీఎఫ్2. లోపల పీఆర్‌పీ20 అనే ప్రోటీన్ క్రోమోజోములను అంటిపెట్టుకుని కూర్చుని, జీఎస్‌పీ1 చేతికి కొత్త గుళిక ఇస్తుంది.

గుళిక ఇచ్చేది లోపలే, డీఎన్‌ఏ పక్కనే ఉంది. ఖర్చు పెట్టించేది బయటే ఉంది. ఈ రెండిటి చోట్లే దిక్కును నిర్ణయిస్తున్నాయి. గుమ్మానికి ఇటు ఏదో అటు ఏదో తెలియదు. గుళిక ఎక్కడ నిండుగా ఉందో అదే లోపలి ఒడ్డు. ఇది ఊహ కాదు. 1999లో నాషురీ, వైస్ అనే ఇద్దరు, బయటి పొరకు కన్నాలు పెట్టిన మానవ కణాలను తీసుకుని, జీటీపీ ఉన్న రాన్‌ను కేంద్రకం బయట నింపి చూశారు. గుమ్మం అదే, పంటు అదే, ప్రయాణం మాత్రం తిరగబడింది. బయటికి రావాల్సిన సరుకు లోపలికి నడిచింది. ఈ పేపరు మొదటిసారి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మనం ఖర్చు పెట్టే శక్తి తోయడానికి కాదు, రెండు ఒడ్ల మధ్య తేడాను నిలబెట్టడానికి.

ఈ పాత్రధారుల పేర్లు ఒకదానికొకటి పొంతన లేకుండా ఉన్నాయని మీకు అనిపించి ఉంటుంది. కారణముంది. ఇవి ఒకరు వెతికి పట్టినవి కావు. 1960ల చివర లీ హార్ట్‌వెల్ ల్యాబులో, వెచ్చగా ఉంచితే ఆర్‌ఎన్‌ఏ పనులు చెడిపోయే ఈస్ట్ మ్యూటెంట్లు దొరికాయి. ఆర్‌ఎన్‌ఏ1 అన్న పేరు అప్పటిది. అది చేసే అసలు పని తెలిసింది పాతికేళ్ల తర్వాత. కాప్60 జన్యువు 1992లో మసయాసు నొమూరా ల్యాబులో మరో విషయం వెతుకుతుంటే దొరికింది, ఎస్‌ఆర్‌పీ1 అని పేరు పెట్టారు. పీఆర్‌పీ20 ఆర్‌ఎన్‌ఏ కత్తిరింపుల పరిశోధనలో తేలింది. వేర్వేరు ఊళ్లల్లో, వేర్వేరు ఫ్రీజర్లలో, వేర్వేరు పేర్లతో పడి ఉన్న ముక్కలు 1990ల మధ్యలో ఒక్క బొమ్మగా కూడాయి.

కూడటానికి ఈస్ట్ ఇచ్చిన సాయం ఇంతా అంతా కాదు. ఎస్‌ఆర్‌పీ1-31 అనే మ్యూటెంట్ నా దగ్గర ఉండేది. 25 డిగ్రీల దగ్గర అది మామూలుగా పెరుగుతుంది. 37 డిగ్రీలకు మార్చగానే కాప్60 పనితనం కుంటుపడి, దిగుమతి పడిపోతుంది. మనిషిలో ఇలాంటి జన్యువును చెడగొట్టి చూడలేం కదా. ఈస్ట్‌లో వాటర్‌బాత్ మీట తిప్పితే చాలు. ఆ మీట తిప్పి, ఒక ప్రాణి లోపలి ఏర్పాటు ఆగడం చూడగలగడం నాకు ఎన్నిసార్లు చేసినా మామూలు పనిగా అనిపించలేదు.

కల్లు తెచ్చిన అమ్మాయికి నేను ఆ రోజు చెప్పిన ఉదాహరణ వాళ్ల ఇంటి ముంతలోదే. చెట్టు నుంచి దిగిన నీరాలో ఎక్కువగా ఉండేది సుక్రోజ్, అంటే మన వంటింటి పంచదారే. దాన్ని ముందు ఇన్వర్టేజ్ అనే ఎంజైముతో గ్లూకోజుగా, ఫ్రక్టోజుగా విడగొట్టుకుంటే గానీ ఈస్ట్ సరిగ్గా తినలేదు. చుట్టూ గ్లూకోజ్ దండిగా ఉంటే ఇన్వర్టేజ్ చేయడం దండగ. ఆ సంగతి డీఎన్‌ఏకు చేరవేసేది ఎంఐజీ1 అనే ప్రోటీన్. గ్లూకోజ్ ఉన్నంతసేపు అది కేంద్రకంలో కూర్చుని ఇన్వర్టేజ్ జన్యువును మూసి ఉంచుతుంది. గ్లూకోజ్ తగ్గిందంటే దాని మీద ఫాస్ఫేట్ ముద్రలు పడతాయి, నిమిషాల్లో బయటికి వచ్చేస్తుంది, జన్యువు తెరుచుకుంటుంది. 1997లో ఎంఐజీ1కి జీఎఫ్‌పీ తగిలించి ఈ రాకపోకలను కళ్లారా చూశారు. ఫాస్ఫేట్ కరువును కనిపెట్టే పీహెచ్‌ఓ4 కూడా ఇలాంటిదే, కరువొస్తే లోపలికి, తీరితే బయటికి. కణం తీసుకునే నిర్ణయాల్లో చాలా వాటికి అర్థం, ఫలానా ప్రోటీన్‌ను గుమ్మం దాటనివ్వాలా వద్దా అన్నదే.

ఇది విని ఆ అమ్మాయి, "అయితే మా నాన్న ముంత కడిగి కట్టినా, కడక్కుండా కట్టినా తేడా అందుకేనా మేడమ్?" అంది. ఆ తేడా మొదట ముంతలో ఎంత ఈస్ట్ మిగిలిందన్న దానిది. ఈస్ట్ ఎక్కువుంటే చక్కెర త్వరగా మారుతుంది. కానీ ఆ మిగిలిన ప్రతి కణంలోనూ ఎంఐజీ1 గుమ్మం దాటుతూనే ఉంటుంది అని చెప్పాను.

ఈ విద్య ఈస్ట్ దగ్గరే ఆగిపోలేదు. 1984లో ఆ మొదటి చిరునామా ప్రయోగం చేసిన మైకేల్ హాల్ తర్వాత స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌కు వెళ్లి, ఈస్ట్ కేంద్రకంలోకి దిగుమతి మీదే ల్యాబు పెట్టాడు. అక్కడ జోసెఫ్ హైట్‌మన్‌తోనూ, సాండోజ్ కంపెనీలో ఉన్న రావు మొవ్వతోనూ కలిసి 1991లో ఒక పేపరు వేశాడు. మొవ్వ అన్న పేరు చూసి, ఎక్కడో బాసెల్‌లో అచ్చయిన ఆ కాగితం మీద కృష్ణా జిల్లా ఊరు కనిపించినట్టయింది నాకు. అవయవ మార్పిడి తర్వాత వాడే రాపమైసిన్ మందు కణంలో దేని మీద పనిచేస్తుందో ఈస్ట్‌లో వెతికిన పేపరు అది. టోర్ అనే ప్రోటీన్ అలా బయటపడింది. నేటికీ క్యాన్సర్, వృద్ధాప్యం మీద పరిశోధనల్లో ఆ పేరు విడవకుండా వినిపిస్తోంది.

ఇంకో సంగతి. స్టీఫెన్ హాకింగ్‌ను కుర్చీకి కట్టేసిన నరాల జబ్బు తెలుసు కదా, ఏఎల్ఎస్ అంటారు. కొన్ని కుటుంబాల్లో అది వంశపారంపర్యంగా వస్తుంది. వాళ్లలో కొందరికి ఎఫ్‌యూఎస్ అనే ప్రోటీన్ చివర కేంద్రకం చిరునామాలోనే తప్పు పడింది. లోపల ఉండాల్సింది బయట పేరుకుపోతుంది. దాన్ని మోసే మానవ పంటు, ఈస్ట్‌లోని కాప్104కు తోబుట్టువు. ఈ జబ్బుకే ఇంకో ముఖ్య కారణమైన సీ9ఓఆర్‌ఎఫ్72 జన్యువు లోపంలో పుట్టే విషపు ప్రోటీన్లను 2015లో స్టాన్‌ఫర్డ్‌లో ఈస్ట్ చేత తయారు చేయించారు. ఆ విషం నుంచి ఈస్ట్‌ను కాపాడేవి, ఆ విషాన్ని పెంచేవి ఏ జన్యువులని వెతికితే కాప్‌లు, గుమ్మం రాకపోకలకు సంబంధించినవి ముందు వరసలో తేలాయి. ఆ జబ్బుకు ఇంకా పూర్తి మందు లేదు. ఎక్కడ వెతకాలో చూపించినవాటిలో మాత్రం ఈస్ట్ ఒకటి.

మా కాలేజీ ల్యాబులో ఫ్లోరొసెన్స్ మైక్రోస్కోపు లేదు. ఆ పచ్చటి చుక్కలను పిల్లలకు నేను ఫొటోల్లోనే చూపించగలను. అయినా ఒక పని డబ్బు లేకుండా చేయవచ్చు. ఇంటర్ నుంచి డిగ్రీ దాకా కణం బొమ్మలో కేంద్రకం చుట్టూ తెంపు లేని గుండ్రటి గీత గీయిస్తున్నాం. పిల్లలు దాన్ని తలుపుల్లేని గదిలా గుర్తుపెట్టుకుంటున్నారు. అందుకే ఆ అమ్మాయికి, పొర కరిగితే తప్ప దారి లేదనిపించింది. జీవశాస్త్రం చెప్పే తోటి అధ్యాపకులకు నా మనవి ఒక్కటే. ఈసారి బల్ల మీద ఆ గీత గీసేటప్పుడు అక్కడక్కడా ఖాళీలు వదలండి. "ఇదేంటి మేడమ్, గీత తెగింది?" అని వెనక బెంచీలోంచి ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. ఆ రోజు పాఠం అక్కడి నుంచి మొదలుపెట్టండి.